ఇరుసు నిలిచింది, బండి నిలవలేదు

పంజాగుట్ట చౌరస్తా దగ్గర నాగార్జున సర్కిల్ వైపు తిరిగితే రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. ట్రాఫిక్‌లో గేరు మార్చుకునేటప్పుడు తప్ప ఆ ఎత్తు ఎవరికీ గుర్తు రాదు. కానీ తారు కింద ఉన్నది గుట్టే. నవాబు ఫక్రుల్ ముల్క్ ఎర్రమంజిల్ మహలు కట్టించుకున్నది ఇక్కడి గుట్ట మీదే. తర్వాత కొన్ని దశాబ్దాలకు మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకుంటూ, అడ్డొచ్చిన బండల్ని పగలగొట్టించకుండా వాటినే గోడలుగా కలుపుకున్నాడు. ఊరు అప్పటికింకా రాయితో సర్దుకుపోయేది.

ఆ రాళ్ల ఊరికి రాళ్లెక్కే బండి ఒకటి వచ్చింది. కొన్నాళ్లు దొరలా బతికింది. తర్వాత చెడింది. కర్ణుడి చావుకు వంద కారణాలంటారు. జీపు చావుకూ అన్ని చెప్పొచ్చు. కర్ణుడి రథచక్రాన్ని నేల మింగింది గాని, జీపు చక్రాన్ని మాత్రం నేలేమీ మింగలేదు. అందుకే ఈ కథలో శత్రువెవరో వెంటనే తేలదు.

పుట్టుక యుద్ధంలోనే. 1940లో అమెరికా సైన్యం తేలికగా ఉండి ఎక్కడికైనా వెళ్లగలిగే బండి కావాలని అడిగింది. బాంటమ్ కంపెనీ తొలి నమూనా చేసి ఇచ్చింది. పెద్ద ఎత్తున తయారుచేసే పని మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కింది. యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. 1947లో మహీంద్రా కంపెనీ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది.

బండి నిర్మాణంలో ఆడంబరం లేదు. ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు. మెకానిక్కులు హౌసింగ్ అనే గట్టి ఇనుప గొట్టం, దాని మధ్యలో బుడిపెలా డిఫరెన్షియల్, ఆ గొట్టం లోపల చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్లు. పైన కమాన్ కట్టలు. ఒక చక్రం బండ మీదికి లేస్తే ఇరుసు మొత్తం ఒరిగి రెండో చక్రాన్ని నేలకేసి అదిమి పట్టేది. పట్టు పోయేది కాదు. దానికితోడు చిన్న లివర్ లాగితే పడే లో గేరు. ఇంజను పరిగెత్తుతుంటే బండి మాత్రం నడక కంటే నెమ్మదిగా పాకేది. రాయిని ఎక్కాలంటే ఆ నెమ్మదే ముఖ్యం. విసురుగా వెళ్లిన బండి రాయికి గుద్దుకుంటుంది, మెల్లగా వెళ్లింది రాయిని ఎక్కుతుంది.

తెలుగునాట జీపుకు దక్కిన హోదా మరో బండికి దక్కలేదు. తహశీల్దారు వచ్చినా, బీడీవో వచ్చినా, అడవిలోకి రేంజరు పోయినా, ప్రాజెక్టు కాల్వల వెంట ఇంజనీర్లు తిరిగినా జీపే. ఎన్నికలొస్తే మైకు కట్టుకుని ఊరూరా తిరిగేదీ అదే. ‘జీపొచ్చింది’ అంటే చాలు, ఎవరొచ్చారన్నది తర్వాత సంగతి. ప్రభుత్వమే నడిచొచ్చినట్టు లెక్క.

పతనం కొలువు పోవడంతో మొదలైంది. ఆఫీసులకు మెత్తటి బండ్లు వచ్చాయి, జీపు వేలానికెళ్లింది. జబల్‌పూర్‌లో నిస్సాన్ నమూనా మీద సైన్యం కోసం తయారైన జోంగా 1999లో ఆగిపోయింది. 1985లో వచ్చి కుర్రకారు మనసు దోచిన మారుతీ జిప్సీకి 2018 చివరితో బుకింగులు మూతపడ్డాయి. 2010లో వచ్చిన థార్ చూడటానికి జీపే గాని, దాని ముందువైపు గట్టి ఇరుసు లేదు. రెండు చక్రాలు వేటికవే విడివిడిగా ఆడతాయి. రోడ్డు మీద అది హాయి. బండ మీద మాత్రం ఒక చక్రం లేస్తే రెండోదాన్ని అదిమే ఆ పాత బంధం లేదు.

కొలువు పోయిన జీపుకు కొత్త యజమానులు దొరికారు. వాళ్లకు జీపు ఆఫీసుకు పోవడానికి కాదు, ఆదివారం బండలెక్కడానికి కావాలి. ప్రేమగా కొన్నారు, ప్రేమగా రంగు వేయించారు. ఆ ప్రేమే కొంప ముంచింది.

మొదట మార్చేది టైర్లు. 28 అంగుళాల టైరు తీసి 35 అంగుళాలది వేస్తే ఇరుసు మూడున్నర అంగుళాలు పైకి లేస్తుంది, డిఫరెన్షియల్ బుడిపె రాయికి తగలదు. ఇదొక్కటీ నిజమైన లాభం. కానీ టైరు పెద్దదైన కొద్దీ చక్రం తిప్పడం కష్టం. గేరింగు ఇరవై శాతం పలచబడుతుంది. లెక్క ఇలా ఉంటుంది: మొదటి గేరు నాలుగు రెట్లు, లో గేరు రెండున్నర, డిఫరెన్షియల్ నాలుగు అనుకుంటే, ఇంజను మెలితిప్పే బలం నలభై రెట్లై ఇరుసుకు చేరుతుంది. టైరు పెరగడంతో ఆ నలభై ముప్పై రెండులా పని చేస్తుంది. పోగొట్టుకున్నది తిరిగి రావాలంటే డిఫరెన్షియల్ పళ్లచక్రాలైన క్రౌన్, పినియన్ మార్చి నాలుగును ఐదు చేయాలి. క్రౌన్ పట్టే చోటు పెరగదు కాబట్టి నిష్పత్తి పెంచాలంటే పినియన్‌నే చిన్నది చేయాలి. బలం కోసం వేసిన పళ్లచక్రమే పాతదాని కంటే సన్నబడుతుంది.

తర్వాత లాకర్. మామూలు డిఫరెన్షియల్ బలాన్ని తేలికగా తిరిగే చక్రానికే పంపిస్తుంది. గాల్లో లేచిన చక్రం ఊరికే తిరుగుతుంటే, రాయి మీదున్నది కదలదు. లాకర్ వేస్తే రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి. బండి ఎక్కుతుంది. అయితే ఇదివరకు గాల్లో వృథా అయిన బలమంతా ఇప్పుడు రాయికి తగులుకున్న ఒక్క చక్రం మీద, ఒక్క రాడ్డు మీద పడుతుంది. ఆ రోజే రాడ్డు తెగుతుంది.

తెగిన రాడ్డును చూస్తే జరిగిందేమిటో తెలుస్తుంది. రాడ్డు కొసనుండే గాడులు, అంటే స్ప్లైన్లు, తాడులా మెలితిరిగి, తర్వాత తెగి ఉంటాయి. పాత సైనిక జీపుల వెనక ఇరుసు ఫుల్ ఫ్లోటింగ్. బండి బరువు హబ్ మోసేది, రాడ్డు తిప్పడం వరకే. తెగితే బయటికి లాగి పారేసి, ముందు చక్రాలతో ఇల్లు చేరొచ్చు. తర్వాతి కాలపు పౌర జీపుల్లో సెమీ ఫ్లోటింగ్ వచ్చింది. బరువూ రాడ్డు మీదే. చక్రం దగ్గర అది తెగితే చక్రమే ఊడి వస్తుంది.

అందుకని లావు రాడ్డు. ఇక్కడ గణితం మనిషిని ఆశపెడుతుంది. మెలికను తట్టుకునే బలం రాడ్డు మందంతో సమానంగా కాక, మందం ఘనంతో పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల రాడ్డు స్థానంలో అదే ఉక్కుతో 36 మిల్లీమీటర్లది పెడితే బలం డెబ్బై శాతానికి పైగా ఎక్కువ. కానీ లావు రాడ్డు పాత హౌసింగ్‌లో పట్టదు. ఇరుసు మొత్తం మార్చాలి. డేనా 44 ఇరుసంటే జీపు పిచ్చోళ్లకు పట్టాభిషేకమే. 2003లో అమెరికాలో రుబికాన్ జీపు ముందూ వెనకా అదే ఇరుసుతో, రెంటికీ లాకర్లతో కంపెనీ నుంచే వచ్చేసరికి ఇక్కడి కలలకూ ఒక కొలత దొరికింది. రాణిగంజ్‌లో పాత సామాను వెతికారు. తమ హౌసింగ్ కోయించి, లేత్ మీద తిప్పించి, వెల్డింగ్ చేయించి బిగించారు.

రాడ్డు తెగడం ఆగింది. విరగడం మాత్రం ఆగలేదు, పక్క భాగానికి మారింది. ముందు చక్రం పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే జాయింట్ పోతుంది. జాయింట్ గట్టిది వేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ పోతుంది. బండి ఎత్తు పెరిగింది కాబట్టి షాఫ్ట్ ఏటవాలై, క్రాస్ మీద భారం అప్పటికే ఎక్కువ. దాన్నీ మారిస్తే భారం రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు చేరుతుంది, అక్కణ్నుంచి గేర్‌బాక్సు. అన్నీ గట్టివే అయితే స్టీరింగ్ చాలదు, అన్నిటికీ మించి బ్రేకులు చాలవు. ‘ఇది ఆపితే అది పోతది భయ్యా’ అనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపించేదే. కానీ ఆ మాట విని ఆగిన యజమాని అరుదు.

చేయి తిరిగినవాళ్లు చేసేది వేరు. వాళ్లు బండిలో ఏదో ఒక భాగాన్ని కావాలనే బలహీనంగా ఉంచుతారు. ఇంటి కరెంటుకు ఫ్యూజులా, చవకైనది, చేతికందేది, అరగంటలో మార్చగలిగేది. హబ్ కావచ్చు, క్రాస్ కావచ్చు. విరిగితే అదే విరగాలి, మిగతాది బతకాలి. ఇరుసును లోహాన్ని బట్టి ఎంచుకునేవాళ్లు చాలామంది. ఏది విరగాలో ముందే ఎంచుకునేవాళ్లు కొద్దిమంది.

చివరికి ఆ విరగడం బండి దాటి కాగితాల్లోకి వచ్చింది. పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు ఎంతో దూరం లేదు. రాళ్లెక్కిన జీపు ఆ కాస్త దూరం దాటలేకపోయింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంది. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్లిన జీపును ఇన్‌స్పెక్టరు చూస్తాడు. పుస్తకంలో ఉన్న బండి ఎదురుగా లేదు, ఎదురుగా ఉన్నది పుస్తకంలో లేదు. ఇటు 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లే రద్దయ్యాయి. అవి తుక్కుకే పోవాలి. జీపులు వేలానికొచ్చే దారీ మూసుకుంది.

చట్టాన్ని తిట్టుకోవడం తేలిక. కానీ అమీర్‌పేట మెట్రో కింద సాయంత్రం వేళ ఆలోచించాలి. బరువైన టైర్లు, పాత డ్రమ్ బ్రేకులు, ఎవరు వెల్డింగ్ చేశారో తెలియని స్టీరింగ్ లింకు, ముందు కోచింగ్ సెంటర్ల నుంచి ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చే పిల్లలు. రాయి మీద గెలిచిన బండి ఆ గుంపులో ప్రమాదమే.

చివరి దెబ్బ రాయి నుంచి కాదు, రాయి లేకపోవడం నుంచి. హైదరాబాద్ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. పొరలు పొరలుగా రాలి గుండ్రబడి, ఒకదానిపై ఒకటి నిలిచిన ఆ బండల్ని కాపాడాలని 1996లోనే ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పడమటి గుట్టల్లో పేలుళ్లు పెరిగాయి. జీపుకు బండను మోయగల ఇరుసు సమకూరేసరికి ఊళ్లో ఎక్కడానికి బండ తగ్గిపోయింది. మిగిలిన రాళ్ల మీద టైరు ఎక్కించడం ఏ లెక్కన చూసినా తప్పే.

ఇక మిగిలింది ఊరి బయట, కంచె వేసిన ప్రైవేటు ట్రాకులు. రోడ్డెక్కే హక్కు లేదు కాబట్టి అక్కడికి జీపు లారీ మీద, ట్రెయిలర్ మీద, తాళ్లతో కట్టించుకుని పోవాలి. ఎక్కడికైనా సొంతంగా వెళ్లడానికే పుట్టిన బండి, ఎక్కడికి పోవాలన్నా మరో బండి మోస్తే తప్ప పోలేని స్థితికి చేరింది. పతనం అంటే అదే. తెగిన రాడ్డు దాని ముందు చిన్న విషయం.

ఈ దెబ్బల్లో ఒక్కటీ జీపు బలహీనత వల్ల తగల్లేదు. బలహీనంగా ఉన్నన్నాళ్లూ అది బతికింది. తహశీల్దారును మోసింది, వాగు దాటింది, రాడ్డు తెగినా ఇల్లు చేరింది. తెగిన ప్రతి రాడ్డూ ఇంతవరకే నా పని అని చెప్పింది. ఆ మాట చెప్పగలిగిన భాగాల్ని మనమే ఒక్కొక్కటిగా విప్పి, లావువి బిగించాం. చివరికి ‘చాలు’ అనే భాగం బండిలో లేకుండా పోయింది. ఆ మాట కోర్టు అనాల్సి వచ్చింది.