చమురుకు ముందటి కువైట్

1979 ఫిబ్రవరి 19న అలీ బిన్ నాసిర్ అల్ నజ్దీ అనే కువైటీ పెద్దాయన స్నేహితులతో కలిసి చేపల వేటకు బయల్దేరాడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. ఉన్నట్టుండి సముద్రం మీద తుఫాను లేచింది. ఆయన మళ్లీ ఒడ్డు చేరలేదు. ఇంజన్ లేని తెరచాప ఓడను ఆఫ్రికా దాకా నడిపి, జనాన్నీ సరుకునూ క్షేమంగా తిరిగి తెచ్చిన నఖుదా (ఓడ నాయకుడు) చివరికి తన ఇంటి ముందున్న సముద్రంలోనే పోయాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. అలా చదవబట్టే, ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న ఈ దేశం చమురుకు ముందు ఎలా బతికిందో తెలిసింది.

కువైట్‌లో నది లేదు, చెప్పుకోదగ్గ పంట లేదు. తాగే నీళ్లు కూడా షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవాళ్లు. వేసవి నాలుగు నెలలూ మగవాళ్లు ముత్యాల వేటకు పోయేవాళ్లు. వేసవి దాటితే పెద్ద ఓడలు బస్రా ఖర్జూరం నింపుకుని ఇండియాకో ఆఫ్రికాకో తెరచాప ఎత్తేవి. ఆ ఓడలకు వాడిన టేకు మన మలబారు తీరం నుంచి వచ్చిందే. లావాదేవీలన్నీ రూపాయల్లోనే. 1961 ఏప్రిల్‌లో దినార్ వచ్చేదాకా ఇక్కడి బజారులో చెల్లింది రూపాయే.

1938 డిసెంబర్‌లో ఏడెన్ రేవులో అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు నజ్దీ నడిపే ‘బయాన్’ ఓడ ఎక్కాడు. సోమాలియా తీరం, జాంజిబార్ మీదుగా ఇప్పటి టాంజానియాలోని రుఫిజీ డెల్టా దాకా వెళ్లాడు. అక్కడి మడ అడవుల్లో నావికులు బురదలో దిగబడుతూ దుంగలు మోసి ఓడ నింపారు. 1939లో ఆ సరుకుతో కువైట్ చేరారు. 1940లో విలియర్స్ రాసిన ‘సన్స్ ఆఫ్ సింద్‌బాద్’ అచ్చయింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని గ్రీనిచ్ సముద్ర మ్యూజియంలో ఉన్నాయి.

ఆ దుంగలు ఎందుకో తెలియాలంటే ఇక్కడి పాత ఇంట్లోకి వెళ్లి తల పైకెత్తి చూడాలి. గోడ నుంచి గోడకు వరసగా మడ దుంగలు, వాటి మీద వెదురు బద్దలు, ఆపైన చాప, అన్నిటి మీదా మట్టి. దుంగ పొడవును బట్టే గది వెడల్పు. ఇంటికప్పు కోసం ఆఫ్రికా దాకా వెళ్లి రావలసిన ఊరు ఇది.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఆ నావికుల బతుకు. ప్రయాణానికి ముందే ఇంటి ఖర్చులకు అడ్వాన్స్ తీసుకునేవాళ్లు. తిరిగొచ్చాక వచ్చిన డబ్బులో ఖర్చులు పోను సగం ఓడకు, మిగతా సగం మనుషులకు వాటాలు. ఆ వాటా పాత బాకీకే చాలేది కాదు. నావికుడు నఖుదాకు బాకీ, నఖుదా వ్యాపారికి బాకీ. ముత్యాల వేటగాడు చనిపోతే అప్పు కొడుకు మీద పడేది. 1930 ప్రాంతంలో జపాన్ పెంపకపు ముత్యాలు మార్కెట్టును ముంచెత్తడంతో ఆ కాస్త ఆధారమూ కుంగిపోయింది. వీసా ఏజెంటుకు కట్టడానికి వడ్డీకి తెచ్చి, ఇక్కడికొచ్చి మొదటి రెండేళ్లూ ఆ అప్పే తీర్చే మన రాజంపేట, కోనసీమ వాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు మనకు జీతాలిచ్చే ఇళ్ల తాతలూ అప్పు నెత్తిన పెట్టుకుని నెలల తరబడి పెళ్లాం పిల్లలకు దూరంగా బతికినవాళ్లే.

అందరూ తిరిగి రాలేదు. 1871లో ఇండియాకు, మస్కట్‌కు మధ్య పెనుగాలి లేచి ఎన్నో కువైటీ ఓడలు మునిగాయి. ఆ ఏడాదికి ఇక్కడివాళ్లు ‘సనత్ అల్ తబా’, అంటే ఓడలు మునిగిన ఏడు అని పేరు పెట్టుకున్నారు. 1977 తర్వాత మన దివిసీమలోనూ కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని లెక్కపెట్టడం మొదలైంది. కువైట్ తొలి కథాచిత్రం, ఖాలిద్ అల్ సిద్దిక్ 1972లో తీసిన ‘బస్ యా బహర్’ కూడా ముత్యాల వేటలో కొడుకును పోగొట్టుకున్న ఇంటి కథే. చివర్లో ఆ తల్లి, కొడుకు ప్రాణం తీసిన ముత్యాన్ని సముద్రంలోకే విసిరేస్తుంది.

కువైట్‌లోని బుర్గాన్‌లో చమురు పడింది 1938లో, ఎగుమతి మొదలైంది 1946లో. ఒక్క తరంలోనే నావికులు ఓడలు దిగి ఒడ్డున ఉద్యోగాల్లో చేరారు. సముద్ర ప్రయాణం మన వంతుకు వచ్చింది. బొంబాయి నుంచి గల్ఫ్ రేవులు తాకుతూ బస్రా దాకా బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు తిరిగేవి. వాటిలో ఒకటైన ‘దారా’లో 1961 ఏప్రిల్ 8 తెల్లవారుజామున దుబాయ్ దగ్గర పేలుడు జరిగింది. తుఫాను వల్ల ఓడ రేవు వదిలి సముద్రంలోకి జరిగిన రాత్రి అది. ఓడలో 819 మంది ఉంటే 238 మంది చనిపోయారు. మిగిలినవాళ్లను చుట్టుపక్కల ఓడలు కాపాడి బహ్రెయిన్ చేర్చాయి. ఓడను లాక్కుపోతుండగా రెండు రోజులకు మునిగిపోయింది. అది మందుపాతర పని అని బ్రిటన్‌లో జరిగిన విచారణ తేల్చింది. చనిపోయినవాళ్లలో మన దేశం వాళ్లు ఎందరో.

కువైట్ తన సముద్రపు రోజులను మరిచిపోలేదు. నేషనల్ మ్యూజియం దగ్గరుండే ‘అల్ ముహల్లబ్’ ఓడ 1990 ఇరాక్ దురాక్రమణలో కాలిపోతే దాని నమూనాను మళ్లీ కట్టించారు. 1938లో కట్టిన అసలైన ఓడ ‘ఫతే అల్ ఖైర్’ సాల్మియా సైంటిఫిక్ సెంటర్ దగ్గర ఉంది. ముత్యాల వేట ఎలా ఉండేదో కుర్రాళ్లకు తెలియాలని 1986లో ఒక ఉత్సవం మొదలుపెట్టారు. నజ్దీ చివరి రోజు మీద కువైటీ రచయిత తాలిబ్ అల్ రిఫాయీ నవల రాశాడు.

నజ్దీ పేరు మనదాకా వచ్చిందంటే విలియర్స్ ఆయన పక్కన కూర్చుని రాసిపెట్టాడు కాబట్టే. 1960, 70లలో బొంబాయిలో ఓడెక్కి ఈ రేవులో దిగిన మనవాళ్లు కొందరు ఇప్పటికీ కడప, గోదావరి జిల్లాల ఊళ్లలో ఉన్నారు. ఏ ఓడ ఎక్కారు, టికెట్టుకు ఎవరి దగ్గర అప్పు చేశారు, దారిలో ఎవరిని పోగొట్టుకున్నారు? పండక్కి ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఆ పెద్దల దగ్గర కూర్చుని అడగండి, చెప్పినది చెప్పినట్టు రాసిపెట్టండి.