చెవి వెనుక నీరు: దారుల్‌షిఫా నుంచి బస్తీ దవాఖానా దాకా

హైదరాబాద్ పాతబస్తీలో చెవి దిబ్బడకు ఎవరింటి మందు వారికుంది. ఒక ఇంట్లో నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు కాచి, గోరువెచ్చగా రెండు చుక్కలు వేస్తారు. పక్కింట్లో చేదు బాదం నూనె సీసా తీస్తారు. యునానీ దుకాణంలో దాన్ని రోగనె బాదామె తల్ఖ్ అని అడగాలి. ఇంకో ఇంట్లో వాము మూటను పెనం మీద వేడిచేసి చెవి చుట్టూ కాపడం పెడతారు. మరో ఇంట్లో మరిగే నీళ్లలో పసుపు వేసి, దుప్పటి కప్పి ఆవిరి పట్టిస్తారు. ఈ చిట్కాలు పట్టే దారులు ప్రధానంగా రెండు: ఒకటి చెవి రంధ్రం, రెండోది ముక్కు. చెవిలో నీరు చేరడమనే జబ్బుకు వైద్యం వెతికిన చరిత్ర చాలావరకు ఈ రెండు దారుల్లో ఏది సరైనదో తేల్చుకోవడంలోనే గడిచింది.

నిజానికి ఇక్కడ జబ్బులు రెండు. తలస్నానంలోనో ఈతలోనో చెవిలోకి పోయిన నీళ్లు కర్ణభేరికి ఇవతలే ఆగుతాయి. తల పక్కకి వంచితే కారిపోతాయి, లేదా ఆరిపోతాయి. రెండో రకం నీరు కర్ణభేరికి అవతల, మధ్య చెవిలో ఊరుతుంది. ముక్కు వెనక భాగం నుంచి మధ్య చెవికి ఒక సన్నని గొట్టం ఉంది. మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుని లోపలికి గాలి పంపుతుంది. జలుబు వల్లనో, ఎడినాయిడ్ గ్రంథుల వాపు వల్లనో అది మూసుకుపోతే లోపలి గాలి ఇంకిపోతుంది, ద్రవం చేరుతుంది. పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి బడి వయసు వచ్చేలోగా సుమారు 90 శాతం మందికి ఒక్కసారైనా ఈ బాధ తప్పదు. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు. పిలిస్తే పలకరు, టీవీ శబ్దం పెంచుతారు. పెద్దలు మొండితనం అనుకుంటారు.

నగరం పుట్టినప్పుడే ఇక్కడ వైద్యానికీ చోటు దొరికింది. చార్మినార్ కట్టిన నాలుగేళ్లకు, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించాడు. అది ఆసుపత్రి, యునానీ వైద్యం నేర్పే బడి కూడా. ఆ సంప్రదాయానికి మూలగ్రంథం 11వ శతాబ్దంలో ఇబ్న్ సీనా రాసిన వైద్య సంహిత. అందులో చెవి జబ్బులకూ చోటుంది. హకీముల సిద్ధాంతం ప్రకారం కఫం మెదడు నుంచి ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. దాన్నే నజ్లా అన్నారు. పాతబస్తీ ఇళ్లలో నేటికీ జలుబుకు ఆ మాటే వాడతారు. మందులు గులాబీ నూనె, సిర్కా (వెనిగర్), చేదు బాదం నూనె. వాటితోపాటు ఇన్‌కిబాబ్ అనే ఆవిరి చికిత్స. మెదడు నుంచి ముక్కులోకి కఫం దిగే దారే లేదని 17వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు కాన్రాడ్ ష్నైడర్ తేల్చాడు. సిద్ధాంతం పోయింది గానీ, జలుబుకూ చెవికీ చుట్టరికం ఉందన్న గమనిక మాత్రం నిలిచింది.

ఆ చుట్టరికం ఆయుర్వేదానికీ తెలుసు. సుశ్రుతుడు 28 చెవి రోగాలు లెక్కపెట్టాడు. వాటిలో ప్రతినాహం ఒకటి: చెవిలోని గులిమి కరిగి ముక్కులోకి దిగడం. చెవికీ ముక్కుకీ మధ్య దారి ఉందన్న ఊహ లేకుండా ఈ వర్ణన సాధ్యం కాదు. అయినా చికిత్సలో ప్రధానంగా కనిపించేది చెవిలో నూనె నింపడమే. చెవుడుకు బిల్వ తైలం చెప్పారు. చెవిపోటుకు నెయ్యి రాసి కాచిన జిల్లేడు ఆకు రసం చెప్పారు. జిల్లేడు పాలు కంటికీ చర్మానికీ చేటు చేస్తాయి కాబట్టి ఈ ఒక్క చిట్కాను ఇప్పుడు ఇంట్లో ప్రయత్నించకూడదు.

ఇన్ని తరాలు చుక్కల మందు ఎలా నిలిచింది? ఆ నమ్మకానికి కారణాలున్నాయి. గోరువెచ్చని నూనె నొప్పిని కాసేపు మరిపిస్తుంది. గట్టిపడిన గులిమిని మెత్తబరుస్తుంది. దిబ్బడ గులిమి వల్లే అయితే వినికిడి తిరిగొస్తుంది కూడా. ఇక కర్ణభేరి వెనుక నీరు ఎక్కువమంది పిల్లల్లో మూడు నెలల్లోపు దానంతటదే పోతుంది. ఆ ఘనత చివరగా వేసిన చుక్క ఖాతాలో పడింది. చిల్లులేని కర్ణభేరిని దాటి నూనె లోపలి నీటిని చేరడమంటే, మూసిన తలుపు బయట నిలబడి ఇల్లు తుడవడమే.

అసలు దారి ఐరోపాలో దొరికింది. ఇటలీ వైద్యుడు బార్తొలొమియో యుస్టాకీ 1560లలో చెవి, ముక్కుల మధ్య గొట్టాన్ని వివరంగా వర్ణించాడు. నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. 1704లో అంతోనియో వల్సాల్వా ముక్కు, నోరు మూసి గట్టిగా ఊదే పద్ధతిని తన గ్రంథంలో రాశాడు. ఆ తర్వాత రంగంలోకి దిగినవాడు వైద్యుడే కాదు. ఫ్రాన్సులోని వెర్సాయ్ పోస్ట్‌మాస్టర్ గ్యూయో తన చెవుడు పోగొట్టుకోవడానికి వంపు గొట్టం ఒకటి తయారుచేసుకుని, నోటిగుండా ఆ దారిని కడుక్కున్నాడు. 1724లో ఆ పరికరం సంగతి పారిస్ విజ్ఞాన పరిషత్తుకు చేరింది. చెవి వైద్యంలో ఇంటి చిట్కా వైద్యులకు దారి చూపిన అరుదైన ఘట్టమిది. 1863లో వియన్నాకు చెందిన ఆడం పొలిట్జర్ రబ్బరు బుడ్డితో ముక్కులోకి గాలి పంపే పద్ధతి ప్రకటించాడు.

హైదరాబాద్‌లో పాశ్చాత్య వైద్యం 1846లో మొదలైన మెడికల్ స్కూల్‌తో కాలు మోపింది. 1866లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చింది. చెవికి అక్కడ జరిగిన మేలు పరోక్షమైనది. లోపలి నీరు తీయడానికి పసిపిల్లల కర్ణభేరిని కోయాలంటే బిడ్డ కదలకూడదు, అంటే మత్తు క్షేమంగా ఇవ్వగలగాలి. క్లోరోఫాం మత్తు ఎంత క్షేమమో తేల్చడానికి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో హైదరాబాద్‌లోనే రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని ఆర్థికంగా ఆదుకున్నాడు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. 1925లో ఉస్మానియా ఆసుపత్రి తెరుచుకుంది. నీరు తీశాక కోత మళ్లీ మూసుకుపోకుండా ఉంచే చిన్న గొట్టం, గ్రోమెట్, 1954లో అమెరికాకు చెందిన ఆర్మ్‌స్ట్రాంగ్ చేతుల మీదుగా వాడుకలోకి వచ్చింది.

కొత్త వైద్యం వచ్చిందని పాతది తప్పుకోలేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రి భవనం లేచింది. అంతకుముందే, 1920లో, హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ తయారీ మొదలుపెట్టాడు. నీలగిరి తైలం, కర్పూరం ఉన్న ఆ ఎర్రని మందు జలుబు చేసినప్పుడు వేడినీళ్లలో వేసి పీల్చే ఇంటి మందుగా స్థిరపడింది. ఆవిరి ముక్కుకు హాయినిస్తుంది. చెవి వెనుక నీటిని అది తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. మరిగే గిన్నె పిల్లల మీద ఒలికే ప్రమాదం మాత్రం నిజం. కర్పూరమున్న మందులను పసివాళ్లకు దూరంగా ఉంచాలి.

చిట్కాలను పరీక్షకు నిలబెట్టిన కాలం ఇటీవలిదే. 2001లో ఇజ్రాయెల్‌లో 103 మంది పిల్లల మీద వెల్లుల్లి కలిసిన మూలికల చుక్కలను ప్రయత్నించారు. చెవిపోటు తగ్గడంలో అవి మత్తు చుక్కలకు దీటుగా నిలిచాయి. అయితే అది నొప్పి సంగతి, నీటి సంగతి కాదు. నీటి విషయంలో 2015లో బ్రిటన్ అధ్యయనం ముఖ్యమైనది: 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు 320 మంది. కొందరి చేత రోజుకు మూడుసార్లు ముక్కుతో ప్రత్యేక బెలూన్ ఊదించారు. నెల తిరిగేసరికి ఊదినవారిలో 47.3 శాతం మందికి, ఊదనివారిలో 35.6 శాతం మందికి మధ్య చెవి మామూలైంది. వల్సాల్వా పద్ధతి పిల్లలు ఆడుకునే రూపంలో తిరిగొచ్చిందన్నమాట. యాంటీబయాటిక్స్, జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు ఈ జబ్బుకు వద్దని బ్రిటన్, అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంటి వైద్యంలో నేటికి మిగిలిన భాగం చిన్నదే: పడుకోబెట్టి పాల సీసా పట్టకపోవడం, ఇంట్లో సిగరెట్ పొగ లేకుండా చూడటం, నాలుగేళ్లు దాటినవారి చేత బెలూన్ ఊదించడం, మూడు నెలలు కనిపెట్టి ఉండటం. చీము కారుతున్నా, చిల్లు పడిందన్న అనుమానమున్నా చెవిలో చుక్క నూనె కూడా పోయకూడదు. పుల్లలు, పిన్నీసులు పెట్టకూడదు. ప్రభుత్వ బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాక తొలి పరీక్ష గల్లీ చివరే దొరుకుతోంది. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే బాలల ఆరోగ్య బృందాలు చూడాల్సిన జబ్బుల జాబితాలో మధ్య చెవి వాపు కూడా ఉంది. మూడు నెలలు దాటాక కూడా దిబ్బడ పోకపోయినా, మాటలు ఆలస్యమవుతున్నా మూసీ దాటి కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లాలి. కర్ణభేరి కదలికను కొలిచే టింపనోమెట్రీకి పట్టేది కొద్ది నిమిషాలే. గ్రోమెట్ వేయాల్సి వచ్చినా, చాలామందిలో అది ఏడాది అటూ ఇటూగా దానంతటదే ఊడిపోతుంది.