బ్రిటన్‌లో పెంపుడు జంతువుల క్వారంటైన్

విదేశాల నుంచి బ్రిటన్‌కు తెచ్చిన కుక్కలను, పిల్లులను రేబిస్ భయంతో ఆరు నెలలు విడిగా బంధించి ఉంచిన పద్ధతి ఇది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం అమల్లో ఉంది. క్వారంటైన్ అన్న మాట వెనీసు వాళ్ల ‘నలభై రోజులు’ అన్న మాట నుంచి పుట్టింది. కుక్కల దగ్గరికొచ్చేసరికి ఆ నలభై రోజులు నూట ఎనభై అయ్యాయి.

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ వీధుల్లో పిచ్చికుక్కల బెడద మామూలే. వ్యవసాయ బోర్డు అధ్యక్షుడు వాల్టర్ లాంగ్ కుక్కల మూతులకు చిక్కాలు కట్టించారు. 1897లో కుక్కల దిగుమతిపై ఆంక్షలు వచ్చాయి. కుక్కలున్నవాళ్లు మండిపడ్డారు. అయినా 1902కల్లా దేశంలో రేబిస్ లేకుండా పోయింది. చుట్టూ సముద్రం లేకపోతే అంత తేలిగ్గా పోయేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు దొంగచాటుగా తెచ్చుకున్న కుక్కలతో 1918లో రేబిస్ మళ్లీ వచ్చి, 1922లో గానీ వదల్లేదు.

చట్టం ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. 1968లో నటి ఎలిజబెత్ టేలర్ తన కుక్కలను ఒడ్డుకు దించకుండా థేమ్స్ నదిలో అద్దె పడవలోనే ఉంచారు.

కరిచిన వారాలకో, నెలలకో లక్షణాలు బయటపడతాయి కాబట్టి ఆరు నెలలు చాలునని లెక్క. 1969లో ఆ లెక్క తప్పింది. జర్మనీ నుంచి వచ్చిన ఒక కుక్క గడువు ముగించుకుని బయటికొచ్చిన పది రోజులకే కాంబర్లీలో ఇద్దరిని కరిచింది. మరుసటి ఏడు న్యూమార్కెట్‌లో, పాకిస్తాన్ నుంచి వచ్చిన మరో కుక్క క్వారంటైన్ దాటాక రేబిస్‌తో చచ్చిపోయింది. ఈ సంఘటనల తర్వాత ప్రభుత్వం నియమించిన వాటర్‌హౌస్ కమిటీ విచారణ ముగిశాక 1974లో కొత్త చట్టం చేశారే తప్ప ఆరు నెలల నిర్బంధాన్ని వదులుకోలేదు. టీకా పనిచేసిందో లేదో రక్తపరీక్షలో తెలిసిపోతున్న కాలంలోనూ కటకటాలను నమ్ముకోవడం మొండితనమే.

1998లో ప్రభుత్వం నియమించిన కెన్నెడీ కమిటీ, నిర్బంధానికి బదులు టీకా, మైక్రోచిప్, రక్తపరీక్ష చాలునంది. 2000 ఫిబ్రవరి 28న ఆ పద్ధతి ప్రయోగాత్మకంగా మొదలైంది. 2012 జనవరి 1 నుంచి, నిబంధనలన్నీ పాటిస్తే భారత్ వంటి దేశాల జంతువులకూ నిర్బంధం లేదు.

అయితే నిరీక్షణ పోలేదు, ఇంటికి మారింది. హైదరాబాద్ నుంచి కుక్కను తీసుకెళ్లాలంటే టీకా వేయించాక కనీసం 30 రోజులు ఆగి దాని రక్తం పరీక్షకు ఇవ్వాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్లు ఉండాలి. రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలలు ఆగాలి. మైక్రోచిప్ పెట్టించకముందు వేసిన టీకా లెక్కలోకి రాదు.