వేదనామార్గం: డెకార్ట్ గంట నుండి వెన్నుపాములోని ద్వారం వరకు

కాలికి నిప్పు తగిలితే బాధ ఎలా తెలుస్తుంది? ఫ్రెంచి తత్త్వవేత్త రెనే డెకార్ట్ చెప్పిన సమాధానం ఆయన మరణానంతరం 1662లో ప్రకటితమైంది. అగ్నికణాలు చర్మంలోని సూక్ష్మతంతువును లాగుతాయి. తాడును ఒక కొన లాగితే మరొక కొనన గంట మ్రోగినట్లు మస్తిష్కంలో స్పందన కలుగుతుంది. ఉపమానం సరళం, సుందరం. అందువల్లనే కాబోలు, అది శతాబ్దాల పాటు నిలిచింది.

అందులో సత్యాంశం లేకపోలేదు. దేహానికి హాని చేసే ప్రేరణలను గ్రహించే ప్రత్యేక నాడీఅగ్రాలను గూర్చి 1906లో చార్ల్స్ షెరింగ్టన్ వివరించాడు. ఆ వార్తను రెండు విధాల తంతువులు వెన్నుపాముకు చేరుస్తాయి. పలుచని పొర గలవాటిలో వేగం సెకనుకు 5 నుండి 30 మీటర్లు. పొర లేనివాటిలో సుమారు 2 మీటర్లకు మించదు. కాలివ్రేలు గడపకు తగిలినప్పుడు మొదట చురుక్కుమని, క్షణం ఆగి సలుపు ఆరంభం కావడం ఇందువల్లనే.

అయితే 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగంలో తాడు, గంట పొంతన తప్పాయి. తీవ్రంగా గాయపడిన సైనికులను అమెరికా వైద్యుడు హెన్రీ బీచర్ పరిశీలించాడు. స్పృహలో ఉండి కూడా నాలుగింట మూడు వంతుల మంది బాధానివారణకు మందు అక్కరలేదన్నారు. వారి నాడులు మొద్దుబారలేదు. సూది సరిగా గ్రుచ్చకపోతే అందరివలెనే విసుగుకొన్నారు. ప్రాణాలతో బయటపడ్డామన్న భావమే గాయపు బాధను అణచిందని బీచర్ తలచాడు.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ దీనికొక వివరణ ప్రతిపాదించారు. వెన్నుపాములో ద్వారం వంటి వ్యవస్థ ఉన్నది. స్పర్శను మోసే పెద్ద తంతువులు దానిని మూయగలవు. దెబ్బ తగిలిన చోట చేయి రుద్దుకుంటే ఉపశమనం కలగడం ఆ విధంగానే. మస్తిష్కం నుండి దిగివచ్చే ఆజ్ఞలు కూడా దానిని మూయగలవు, తెరవగలవు. తరువాతి పరిశోధనలు వివరాలను సవరించినా, పైనుండి వచ్చే ఈ నియంత్రణ స్థిరపడింది.

ఇక్కడ న్యాయదర్శనం స్మరణకు వస్తుంది. త్వగింద్రియం దేహమంతటా వ్యాపించినా, అణురూపమైన మనస్సు దానితో కూడనిదే జ్ఞానం కలగదని నైయాయికుల మతం. అంతమాత్రాన ఋషులు నరాలను ముందే కనుగొన్నారని చాటరాదు. ఇడా పింగళలు శస్త్రచికిత్సలో కనిపించే నరాలు కావు. అలాగే, మనస్సు పాత్ర చూపి రోగితో “నీ బాధ మిథ్య” అనడం వేదాంతమూ కాదు, వైద్యమూ కాదు. మూయబడని ద్వారం గుండా వచ్చే వేదన వ్యవహారంలో సత్యమే.

దర్శనకారుల ప్రశ్న మరొకటి: ఆ వేదన ఎవరిది? నైయాయికునికి దుఃఖం ఆత్మగుణం. కనుక దాని ఆత్యంతిక నివృత్తియే అపవర్గం. అద్వైతికి అది అంతఃకరణ ధర్మం. ఆత్మ దానికి సాక్షి మాత్రమే. ఈ వివాదం శతాబ్దాలు సాగింది. నాడీశాస్త్రం ఇందులో ఏ పక్షమూ వహించలేదు.