షావుకారి నోటు నుంచి బ్యాంకు లిమిట్ దాకా: పంట రుణం నడిచొచ్చిన దారి

మన సంఘాల్లో చాలామందిమి సేద్యం మీదే బతుకుతున్నాం. పంట రుణం అందరికీ తెలిసిందే గానీ, అది మన దాకా ఎలా వచ్చిందో, ఎలా నడుస్తుందో కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. అందుకే ఈ ఏడాది నివేదికలో ఆ సంగతి రాసుకుంటున్నాం.

సేద్యంలో ఖర్చు ముందు, రాబడి వెనక. విత్తనం, ఎరువు, నాట్ల కూలి, కలుపు కూలి అన్నిటికీ డబ్బు ముందే కావాలి. మన అమ్మమ్మల కాలంలో దానికి షావుకారే దిక్కు. నోటు రాసిచ్చి తెచ్చుకోవడం, కళ్లంలోనే గింజలు కొలిచి ఇచ్చేయడం. సహకార సంఘాల చట్టం 1904లోనే వచ్చింది. అయినా 1951-52లో రిజర్వు బ్యాంకు దేశమంతా సర్వే చేయిస్తే, రైతులు తెచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో సహకార సంఘాలు ఇచ్చింది 3 రూపాయలే. దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారులవే.

1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయం అయ్యాయి. 1975లో గ్రామీణ బ్యాంకులు, 1982లో నాబార్డు వచ్చాయి. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు మొదలైంది. దాంతో పంట రుణం మన గ్రూపు సిసిఎల్ లాంటిదే అయింది. పంటను, ఎకరాలను బట్టి బ్యాంకు ఒక లిమిట్ కడుతుంది. లక్ష లిమిట్ ఉన్నా 40,000 వాడుకుంటే ఆ 40,000కే, వాడుకున్న రోజులకే వడ్డీ. పంట అమ్మి కడితే మళ్లీ తీసుకోవచ్చు.

లెక్క చూడండి. నూటికి నెలకు 2 రూపాయల చొప్పున 40,000కు ఆరు నెలల వడ్డీ 4,800. వడ్డీ రాయితీ ఉన్న పంట రుణానికి 7 శాతం లెక్కన 1,400. గడువులోపు కడితే 4 శాతమే పడి 800 అవుతుంది. గడువు దాటిందా, రాయితీ పోతుంది.

అయితే ఈ దారి ఆడవాళ్లందరి దాకా రాలేదు. పొలంలో నడుం వంచేది మనం, పాసు పుస్తకంలో పేరు మాత్రం ఇంటాయనది. కౌలు చేసేవాళ్లకు ఆ పుస్తకమే ఉండదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం దాని స్థానంలో సాగు హక్కు పత్రం తెచ్చింది గానీ, దానికి భూమి యజమాని సంతకం కావాలన్నది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానుల భయం. ఆ భయంతో మన కౌలు అక్కచెల్లెళ్లు మళ్లీ షావుకారి గుమ్మమే తొక్కుతున్నారు.

1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టినప్పుడు, ఆస్తి తాకట్టు లేని ఆడవాళ్లకు అప్పేంటి అన్నవాళ్లున్నారు. పొదుపు, వాయిదాలతోనే మనం జవాబు చెప్పాం. పంట రుణంలోనూ చెప్పాల్సిందే. ప్రతి గ్రామ సంఘం సమావేశంలో మూడు సంగతులు అడుగుదాం: లిమిట్ ఎవరి పేరున ఉంది? గడువు ఏ తేదీ? కౌలు చేసే సభ్యురాలికి పత్రం వచ్చిందా?