కెరోటిడ్ శస్త్రచికిత్సలో నాణ్యతా పరీక్ష: చారిత్రక పరిణామం

మెడకు ఇరువైపులా మెదడుకు రక్తాన్ని చేరవేసే కెరోటిడ్ ధమనులుంటాయి. మెడ మీద వేలు ఆనించినప్పుడు తెలిసే నాడి వీటిదే. వయసు పెరిగేకొద్దీ ఈ ధమనుల లోపలి గోడలో కొవ్వు, కాల్షియం పేరుకొని రక్తం పారే దారి ఇరుకు కావచ్చు. ఆ పూడిక నుంచి ఊడిన ముక్కలు గాని, దానిపై ఏర్పడిన రక్తపు గడ్డలు గాని మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ధమనిని తెరిచి పూడికను తొలగించే చికిత్సను కెరోటిడ్ ఎండార్టరెక్టమీ అంటారు. పక్షవాతాన్ని నివారించడానికి చేసే ఈ చికిత్స వల్లనే ఒక్కోసారి పక్షవాతం వస్తుంది. నాణ్యతా పరీక్షల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ వైరుధ్యాన్ని గుర్తుంచుకోవాలి.

ఆరంభ దశ

1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలను ఎక్స్-రేలో చూపే యాంజియోగ్రఫీని రూపొందించాడు. 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ మెడలోని ధమని పూడికకూ పక్షవాతానికీ గల సంబంధాన్ని స్పష్టం చేశాడు. 1953లో హ్యూస్టన్‌లో మైకేల్ డెబేకీ ఎండార్టరెక్టమీ చేశాడు. 1954లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్‌ల బృందం చేసిన కెరోటిడ్ శస్త్రచికిత్స వివరాలు అదే సంవత్సరం ప్రచురితమై వైద్యలోకం దృష్టిని ఆకర్షించాయి.

ఈ దశలో ప్రధాన ప్రశ్న ‘ఈ చికిత్స సాధ్యమా?’ అన్నదే. కుట్లు వేశాక సర్జన్ ధమనిని వేళ్లతో తాకి చూసేవాడు. నాడి బాగా కొట్టుకుంటే పని సవ్యంగా జరిగిందని భావించేవాడు.

సందేహ దశ

1967లో అమెరికా సర్జన్ బ్లైస్‌డెల్, ఆయన సహచరులు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. రోగి ఇంకా బల్లపై ఉండగానే ధమనిలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్-రే తీశారు. సుమారు నాలుగో వంతు కేసులలో సర్జన్ ఊహించని లోపాలు బయటపడ్డాయి.

దీనికి కారణమేమిటి? నాడి రక్తపు ఒత్తిడిని తెలుపుతుందే తప్ప లోపలి గోడ నునుపుగా ఉందో లేదో చెప్పదు. లోపలి పొర అంచు లేచి వేలాడుతున్నా, కుట్టు దగ్గర దారి ఇరుకైనా, చిన్న గడ్డ మిగిలినా నాడి కొట్టుకుంటూనే ఉండవచ్చు.

1977లో ఈస్టన్, షెర్మన్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో జరిగిన 228 శస్త్రచికిత్సల ఫలితాలను వెల్లడించారు. వాటిలో సుమారు 21 శాతం పక్షవాతానికో మరణానికో దారితీశాయి. ఇంత ప్రమాదం ఉన్నప్పుడు చికిత్స ఎవరికి మేలు చేస్తుందన్న ప్రశ్న తలెత్తింది.

నిర్ధారణ దశ

1991లో ఉత్తర అమెరికా పరిశోధన ఒకటి దీనికి సమాధానమిచ్చింది. అప్పటికే లక్షణాలు కనిపించి, ధమని 70 నుంచి 99 శాతం ఇరుకైన రోగులలో, ఆ వైపు పక్షవాతం రెండేళ్లలో మందులు మాత్రమే వాడినవారికి 26 శాతం, శస్త్రచికిత్స కూడా చేయించుకున్నవారికి 9 శాతం వచ్చింది. అయితే ఇందులో పాల్గొన్న కేంద్రాలను వాటి పూర్వ ఫలితాలు చూసి ఎంపిక చేశారు. అంటే ఈ మేలు శస్త్రచికిత్స నాణ్యతపై ఆధారపడినది.

ఈ కాలానికి పరీక్షా సాధనాలూ పెరిగాయి. అల్ట్రాసౌండ్ ఆపరేషన్ గదిలోకి వచ్చింది. 1982లో రూనే ఆస్లిడ్ పుర్రె గుండా మెదడు రక్తప్రవాహాన్ని కొలిచే డాప్లర్ పద్ధతిని ప్రకటించాడు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ వైద్యులు 1992 నుంచి ఈ డాప్లర్‌తో పాటు, ధమనిలోకి సన్నని దర్శినిని పంపి చూసే యాంజియోస్కోపీని వాడారు. రక్తప్రవాహాన్ని తిరిగి వదలకముందే గడ్డలనూ లేచిన పొరలనూ తొలగించే వీలు కలిగింది. అక్కడ ఆపరేషన్ సమయంలో వచ్చే పక్షవాతం దాదాపు కనుమరుగైంది.

విమర్శనాత్మక పరిశీలన

ఈ పరీక్షలపై ఏకాభిప్రాయం లేదు. రంగు మందు ఎక్కించడంలో కొంత ప్రమాదముంది. చిన్న లోపాన్ని సరిచేయడానికి ధమనిని మళ్లీ మూసి తెరవడం కొత్త ముప్పు తేవచ్చు. పైగా పక్షవాతాలు తగ్గడంలో మెరుగైన మందులకూ, మత్తు విధానాలకూ, సర్జన్ల అనుభవానికీ భాగముంది. కాబట్టి మార్పునంతా ఒక్క పరికరానికే ఆపాదించరాదు.

సారాంశం

‘పని బాగా జరిగింది’ అనే నమ్మకం నుంచి ‘బాగా జరిగిందని ఎలా తెలుసు?’ అనే ప్రశ్నకు మారడమే ఈ చరిత్రలోని కీలక మలుపు. లోపం రోగి మేల్కొన్నాక బయటపడితే అది పక్షవాతం. బల్లపై ఉండగానే కనబడితే సరిదిద్దుకోదగిన పొరపాటు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. నాడి కొట్టుకోవడం శస్త్రచికిత్స నాణ్యతకు తగిన రుజువు ఎందుకు కాదు?
2. 1991 నాటి ఫలితాలను అన్ని ఆసుపత్రులకూ యథాతథంగా వర్తింపజేయవచ్చా? చర్చించండి.