సహజవాయు వెల్‌హెడ్: ఏ కోడ్ ఎక్కడి దాకా

జంషెడ్‌పూర్‌లో గ్యాసు బావి లేదు, గ్యాసు వాడకం మాత్రం ఉంది. 2022లో టాటా స్టీల్ అక్కడి ‘ఈ’ బ్లాస్ట్ ఫర్నేసులోకి కోల్ బెడ్ మీథేన్‌ను ఆపకుండా పంపే ప్రయోగం మొదలుపెట్టింది. ఊళ్లో సిటీ గ్యాసు గెయిల్‌ది. అదే ఝార్ఖండ్‌లో బొకారో, ఝరియా బొగ్గు క్షేత్రాల్లో ఓఎన్‌జీసీ మీథేన్ బావులు తవ్వింది. బావి నుంచి కొలిమి దాకా వాయువు మారకపోయినా, దాన్ని మోసే ఇనుముకు వర్తించే నిబంధన దారి పొడుగునా మారుతూ పోతుంది.

బావి నోట్లో కేసింగ్, ట్యూబింగ్ గొట్టాలను పట్టి ఉంచే హెడ్లు వెల్‌హెడ్. దాని మీద మాస్టర్ వాల్వులు, పక్కన వింగ్ వాల్వు, చోక్ కలిస్తే ‘క్రిస్మస్ ట్రీ’. వీటికి చూడాల్సింది పైపింగ్ కోడ్ కాదు, ఏపీఐ 6ఏ అనే పరికరాల ప్రమాణం. అందులో పీడన రేటింగులు 2,000 పీఎస్‌ఐ నుంచి 20,000 దాకా ఉంటాయి. మీథేన్ బావిలో పీడనం తక్కువే. ట్యూబింగ్ గుండా నీళ్లు తోడేస్తూ, దానికీ కేసింగ్‌కీ మధ్య సందులోంచి గ్యాసు తీస్తారు. అందుకే అక్కడి వెల్‌హెడ్ నుంచి నీటికొకటి, గ్యాసుకొకటి రెండు లైన్లు బయల్దేరతాయి.

చిక్కంతా ఆ గ్యాసు లైను దగ్గరే. గ్యాసు పైపులైన్ల కోడ్ కదా అని చాలామంది ఏఎస్‌ఎంఈ బీ31.8 తెరుస్తారు. ఆ కోడేమో వెల్‌హెడ్‌ను, అక్కడి నుంచి సెపరేటర్ దాకా వెళ్లే ఫ్లోలైన్లను తన పరిధిలోకి రావని మొదట్లోనే తేల్చేస్తుంది. ఈ ఖాళీని ప్రాసెస్ పైపింగ్ కోడ్ బీ31.3తో పూడ్చడం పరిపాటి. ఏ విభాగం వాడాలో నిర్ణయించే బాధ్యతను బీ31 కోడ్ యజమాని మీదే పెట్టింది. కాబట్టి డ్రాయింగులో ఒక నిబంధన ముగిసి మరొకటి మొదలయ్యే ‘స్పెక్ బ్రేక్’ గీత ఏ ఫ్లాంజి మీద పడుతుందో రాతపూర్వకంగా ఉండాల్సిందే.

ఆ ఫ్లాంజి దగ్గర ఒక మాయ ఉంది. ఏపీఐ 3,000 పీఎస్‌ఐ ఫ్లాంజికి, రింగ్ జాయింట్ గాడి ఉన్న, ఏఎస్‌ఎంఈ ఫ్లాంజిల ప్రమాణం బీ16.5 ప్రకారం చేసిన క్లాస్ 900 ఫ్లాంజి సాధారణ సైజుల్లో చక్కగా అతుకుతుంది, బోల్టులూ దూరతాయి. కానీ మామూలు కార్బన్ స్టీలు క్లాస్ 900కి సాధారణ ఉష్ణోగ్రత వద్ద అనుమతి 2,220 పీఎస్‌ఐ మాత్రమే. జతలో తక్కువ రేటింగే లెక్క.

గ్యాసు శుద్ధయి ట్రంక్ లైనులోకి చేరాక బీ31.8 రాజ్యం. పక్కన ఇళ్లు ఎంత ఒత్తుగా ఉంటే ఆ కోడ్ అంత మందమైన పైపు అడుగుతుంది: డిజైన్ ఫ్యాక్టర్ పలచటి జనావాసంలో సాధారణంగా 0.72, బహుళ అంతస్తుల నగరంలో 0.40. వినియోగదారు మీటరు దాటగానే ఈ పరిధీ ముగుస్తుంది.

మన చట్టంలోనూ విభజన ఇలాంటిదే. బావులకు 2017 నాటి ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్లు, ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయమున్న గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్. ట్రంక్ లైన్లకు, సిటీ గ్యాసుకు పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి పీఎన్‌జీఆర్‌బీ. కోనసీమ వాసులు ఈ రెండు వైపులా ప్రమాదాలు చూశారు. 1995 జనవరిలో పాశర్లపూడిలో అంటుకుని రెండు నెలలకు పైగా మండింది ఓఎన్‌జీసీ బావి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పేలింది గెయిల్ పైపులైను. మొదటిది డ్రిల్లింగ్ నాటి బ్లోఅవుట్, అక్కడ ఏ పైపింగ్ కోడ్‌కూ పనిలేదు. రెండోది పూర్తిగా పైపులైను నిబంధనల కిందికి వచ్చేది.